బెల్టు సాగిన పాట

ఫోను జేబులో పెట్టుకున్నాక మాస్టారు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమంటే చిన్న విషయం కాదు. నిద్రలో కూడా ఎవరినో ఒకరిని తిట్టే మనిషి. రిహార్సల్ గదిలో డ్రమ్ముల మీద గుడ్డ కప్పుతున్న ఆయన చెయ్యి ఆపేశాడు. ఫ్లూటాయన పెట్టె మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఎవరు మాస్టారూ?" అని అడిగింది వాళ్ల గాయని జిరాక్సు.

"అమ్మగారి మేనల్లుడు. ఆవిడ తన సన్మానానికి రావడానికి ఒప్పుకున్నారట. ఒక్కటే షరతు. ఆ పాట నువ్వు పాడుతుంటే ఎదురుగా కూర్చుని వినాలట."

అమ్మగారు ఒకప్పుడు రికార్డుకి పాడిన పాటల్లో ఏ పాట అని ఎవరూ అడగలేదు. అడిగే అవసరం ఉంటే ఇంత గొడవే లేదు.

"కోపంగా ఉన్నారటా?"

"ఉన్నారనీ చెప్పలేదు, లేరనీ చెప్పలేదు. వినాలన్నారు, అంతే. అదే నాకు వణుకు పుట్టిస్తోంది," అన్నాడు మాస్టారు.

జిరాక్సు నీళ్లు తాగబోయింది. నలభై దాటిన మనిషి, లెక్కలేనన్ని స్టేజీలెక్కిన మనిషి, బెంచీ మీద ఉన్న నీళ్ల సీసా మూత తీయలేక ఫ్లూటాయన చేతికిచ్చింది.

ఆమె అసలు పేరు ఆర్కెస్ట్రాలో ఎవరికీ గుర్తులేదు. జిరాక్సు అంటేనే పలుకుతుంది. వినేవాళ్లకి అది వెక్కిరింతలా ఉంటుందేమో గానీ, ఆ లోకంలో అది తిట్టు కాదు, బిరుదు. పెళ్లిళ్లకీ, కంపెనీల వార్షికోత్సవాలకీ పాత పాటలు పాడి బతికేవాళ్ల దగ్గర బాగా పాడటమంటే రికార్డులో ఉన్నట్టు పాడటమే. అసలు గాయని ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీయాలి. ఆవిడకి ఆ రోజు జలుబు చేసి ఒక అక్షరం ముక్కులోంచి వచ్చి ఉంటే, ఈమెకి జలుబు లేకపోయినా అది ముక్కులోంచే రావాలి. ఆ ఆర్కెస్ట్రాలోనే వెనకటికి ఒక ముసలి గాయకుడు ఉండేవాడు. ఆయన ఇంట్లో రికార్డు మీద గీత పడి ఒక మాట దగ్గర ముల్లు వెనక్కి దూకేదట. పాపం, ఆయన ప్రతి స్టేజీ మీదా ఆ మాట రెండుసార్లు పాడేవాడు. అందులో తప్పుందని ఆయనకి చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే ఆయన్ని చూసి నేర్చుకున్నవాళ్లు కూడా రెండుసార్లే పాడుతున్నారు.

అలాంటి వాళ్ల మధ్య పెరిగి జిరాక్సు అనిపించుకున్న మనిషి, ఒక్క పాట దగ్గర మాత్రం దారి తప్పింది. కావాలని తప్పలేదు. దానికి కారణం ఒక రబ్బరు బెల్టు.

వాళ్ల నాన్నది రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. వీధిలో అందరి టేప్ రికార్డర్లూ ఆయన చేతి మీదుగా బాగుపడి వెళ్లేవి, ఇంట్లో ఉన్నది మాత్రం మూలుగుతూ తిరిగేది. లోపల మోటారుకీ చక్రానికీ మధ్య సన్నటి రబ్బరు బెల్టు ఉంటుంది. అది సాగిపోతే టేపు నెమ్మదిస్తుంది, గొంతులు బొంగురుపోతాయి. ఆ పెట్టెలో ఎప్పుడూ ఒకే క్యాసెట్టు ఉండేది. అది అక్కది. అక్క ఒకరోజు తనకి నచ్చిన మనిషితో వెళ్లిపోయింది. వెళ్లేముందు గుమ్మంలో నాన్న అన్న మాట, మళ్లీ ఈ గడప తొక్కొద్దని. అక్క ఆయన మాట జవదాటని పిల్ల. ఆ ఒక్క విషయంలోనూ జవదాటలేదు. తొక్కలేదు. ఎక్కడుందో కబురు కూడా లేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అక్క అన్న మాట ఎవరూ పలకలేదు. పలకొద్దని ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పకుండానే అందరికీ అర్థమైంది, బడికి వెళ్లడం అప్పుడే మొదలుపెట్టిన ఈమెకి కూడా.

క్యాసెట్టు మాత్రం మిగిలింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి ఆ పెట్టె ముందు కూర్చునేది. అందులో అమ్మగారి పాట ఒకటి ఉంది. ఇంట్లో ఒక అమ్మాయి పొయ్యి మీద నీళ్లు పెట్టి, రావలసిన మనిషితో మనసులో మాట్లాడుతుంటుంది. 'నీళ్లు మరిగేలోగా వస్తావు కదూ' అని పల్లవి. సాగిన బెల్టు మీద ఆ పాట కాళ్లీడ్చుకుంటూ వచ్చేది. అమ్మగారి సన్నటి గొంతు బరువెక్కి, ప్రతి 'కదూ' దగ్గరా ఆగి ఆగి దిగేది. పిల్ల అదే నేర్చుకుంది. ఆ పాట అంతే ఉంటుందనుకుంది.

ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తలో మాస్టారు అసలు రికార్డు పెట్టాడు. చిటికెలు, చప్పట్లు, ఎగిరిపడే ఫ్లూటు. అమ్మాయి నవ్వుతోంది. వచ్చేవాడు వీధి మలుపు తిరిగేశాడని దానికి ముందే తెలుసు. లోకమంతా చెవికోసుకునే హుషారు పాట అది! ఈమెకి మాత్రం గుండె గుభేలుమంది. ఎందుకో తనకే తెలియలేదు. గొంతు సరిపోదని వంక చెప్పి ఆ పాటని తప్పించుకుంది. ఏళ్ల తరబడి దాన్ని వేరేవాళ్లే పాడారు.

మొన్నామధ్య ఒక కంపెనీ వేడుకలో కార్యక్రమం మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు ఎంత లాగినా దగ్గుతుందే గానీ లేవదు. కీబోర్డు మూగబోయింది. జనం ఈలలు మొదలుపెట్టారు. మాస్టారు ఆమెని ముందుకి తోసి, "ఏదో ఒకటి పాడు తల్లీ, నీ పుణ్యముంటుంది," అన్నాడు. వాయిద్యం లేదు, తాళం లేదు, మైకు లేదు. నోరు తెరిస్తే, ఏ పాటా అనుకోకుండానే, ఇంట్లో పాట బయటికొచ్చింది. అదే మూలుగు నడకలో, అదే కిందిశృతిలో. రెండో చరణానికి ఈలలు ఆగిపోయాయి. వడ్డించేవాళ్లు కూడా గరిటెలు కింద పెట్టి విన్నారు.

ఎవరో ఫోనులో తీశారు. అది ఊళ్లు తిరిగింది. వీడియో కింద రాసేవాళ్లకి పనీపాటా ఉండదు కదా. సగం మంది ఆమెని నెత్తిన పెట్టుకున్నారు, సగం మంది ఏకిపారేశారు. బంగారంలాంటి పాటని ఏడుపుగొట్టు పాట చేసిందన్నారు. ఒకాయనైతే, 'అసలు కంటే నకలే బాగుంది. పెద్దావిడ ఇది విని నేర్చుకోవాలి' అని రాశాడు. ఆ ఒక్క ముక్కతో ఆమె కొంప ముంచాడు.

అమ్మగారి కోపం గురించి ఆ వృత్తిలో తెలియనివాళ్లు లేరు. ఒక సభలో ఎవరో ఆవిడ పాట గమకం తప్పు పాడితే, ఆవిడ పూలదండ తీసి కుర్చీ మీద పెట్టి, మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. దండ ఉంది, మనిషి లేదు. ఆ పాడినామెని మళ్లీ ఎవరూ స్టేజీ ఎక్కనివ్వలేదు. అందుకే అమ్మగారు వింటానన్నారంటే ఆర్కెస్ట్రా మొత్తానికి కాళ్లు చల్లబడ్డాయి.

రిహార్సల్లో మాస్టారు నాన్చకుండా చెప్పేశాడు.

"రికార్డులో ఎలా ఉందో అలాగే పాడతావు. అదే శృతి, అదే నడక. ఆవిడ ముందు నీ సాగదీత సాగదు. ఆవిడకి చేతులు జోడించి, అదేదో కరెంటు పోయినప్పుడు జరిగిన పొరపాటండీ అని చూపించాలి. తెలిసిందా?"

"అది నాకు రాదు మాస్టారూ."

"రాకపోవడమేంటి? నిన్ను జిరాక్సు అన్నది ఎవరు? నేనే కదా!"

"అన్నీ వస్తాయి. అదొక్కటి రాదు."

"అయితే విను." ఆయన గొంతు తగ్గించాడు. అరిచే మనిషి గొంతు తగ్గిస్తే ఎక్కువ భయమేస్తుంది. "ఆవిడ లేచి వెళ్లిపోతే మనల్ని పిలిచేవాడుండడు. పదిళ్లలో పొయ్యి వెలగదు. నువ్వు ఒక్క అక్షరం లాగినా సరే, మళ్లీ నా వ్యాను ఎక్కొద్దు. పాట నీదేం కాదు, ఆవిడది. ఆవిడ పాట ఆవిడకి అప్పజెప్పు."

ఆ మాట అన్యాయంగా ఏమీ లేదు. అదే ఆమెని కుంగదీసింది. నిజమే, పాట ఆవిడదే. ట్యూను ఎవరో కట్టారు, మాటలు ఎవరో రాశారు, గొంతు ఆవిడిచ్చింది. ఇందులో తనదంటూ ఏముంది? ఒక సాగిన బెల్టు. దాని కోసం పదిమంది నోటి దగ్గర కూడు తీస్తుందా? అనుకుని రికార్డు పెట్టుకుని సాధన మొదలుపెట్టింది. పల్లవి వచ్చేది, నవ్వు కూడా వచ్చేది. 'వస్తావు కదూ' దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్తా మొండికేసేది. మళ్లీ మొదటికి. మళ్లీ అక్కడే.

సన్మానం రోజు పొద్దున ఆమె కొట్లో కూర్చుని ఒక పాత రేడియోకి తీగ అతుకుతోంది. నాన్నకి చూపు మందగించాక ఆ పని ఆమెదే. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చేత్తో తడిమి మరలు వేరుచేస్తుంటాడు. అతుకు కుదరక ఆమె చేతిలో టంకం వేసే కడ్డీ రెండుసార్లు జారింది.

"కడ్డీ జారుతోందే," అన్నాడు ఆయన, చూడకుండానే.

"సాయంత్రం ఆ పాట రికార్డులా పాడాలి నాన్నా. రావట్లేదు."

ఆయన మరలు గిన్నెలో వేశాడు. ఒక్కొక్కటే వేశాడు.

"ఆ బెల్టు మార్చడం నిమిషం పని," అన్నాడు చివరికి.

"ఏ బెల్టు?"

"మన పెట్టెది. కొత్త బెల్టులు సొరుగులో ఎప్పుడూ ఉండేవి. నాకు తీరిక లేక మార్చలేదనుకున్నావా? మీరంతా అలాగే అనుకున్నారు. అనుకోనిచ్చాను."

ఆమె కడ్డీ పక్కన పెట్టేసింది.

"ఒకసారి మార్చాను కూడా. నువ్వు బడికెళ్లావు. సరైన బెల్టు వేసి పెట్టి చూశాను. ఆ పాట సరైన నడకలో వచ్చింది. మీ అక్క గిన్నెలు తోముతూ పాడేది కదా. అదే నడక. అమ్మగారి గొంతు వినపడలేదు నాకు, మీ అక్క వినపడింది. సగం లైను కూడా వినలేకపోయాను. బెల్టు పీకేసి, ఆ సాగిపోయినదే మళ్లీ తగిలించాను."

మీ అక్క. ఆ మాట ఆ కొట్లో పలికి ఎన్నేళ్లయిందో. గోడలకి కూడా కొత్తగా వినపడి ఉంటుంది. అసలు రికార్డు విన్నరోజు తన గుండె ఎందుకు గుభేలుమందో ఇన్నాళ్లకి తెలిసింది.

"క్యాసెట్టు తీసి అవతల పారేయొచ్చు కదా నాన్నా?"

"నువ్వు రోజూ దాని ముందు కూర్చునేదానివి. దాన్నీ వెళ్లగొట్టి, నీకదీ లేకుండా ఎలా చేయను?" అన్నాడు ఆయన. తర్వాత గిన్నెలో మరలు వెతకడం మొదలుపెట్టాడు. అందులో వెతకాల్సిందేమీ లేదు.

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. తెర పక్కనుంచి జిరాక్సు తొంగిచూసింది. ముందు వరసలో, సరిగ్గా మైకుకి ఎదురుగా, అమ్మగారు. ఇంత చిన్న మనిషా అనిపించింది. కుర్చీలో కాళ్లు నేలకి ఆనడం లేదు. తల ఒక పక్కకి వంచి, కళ్లు మూసుకుని, చేతికర్ర మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. ముందు పాడినవాళ్లెవరికీ ఆ కళ్లు తెరుచుకోలేదు. చప్పట్లు కూడా కొట్టలేదు.

"గుర్తుందిగా," అన్నాడు మాస్టారు చెవిలో. "తాళం దానంతటదే మోగేలా ప్యాడ్‌లో ఎక్కించేశాను. రికార్డు నడకే. నువ్వు లాగాలన్నా అది లాగనివ్వదు."

ఆమె తలూపింది. నిజంగానే ఊపింది. మైకు దగ్గరికి వెళ్లేదాకా మాస్టారు చెప్పినట్టే పాడాలనుకుంది. పాట పేరు చెప్పగానే అమ్మగారు కళ్లు తెరిచింది.

పల్లవి ముందరి వాయిద్యం, మొదటి బిట్, మొదలైంది. చిటికెలు, చప్పట్లు, ఎగిరిపడే ఫ్లూటు. పల్లవి ఎత్తుకోవలసిన చోటు వచ్చింది. ఆమె నోరు తెరిచింది. ఆ నడకలో ఒక పిల్ల గిన్నెలు తోముతోంది. ఆ పిల్ల పాటలోకి తాను దూరలేదు. అది అక్క పాట. నోరు మూసుకుంది.

ఫ్లూటాయన కంగారుపడి బిట్ మళ్లీ వాయించాడు. జనం ఇంకా ఏమీ కనిపెట్టలేదు. పల్లవి చోటు మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది. ఈసారి వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు కీబోర్డు దగ్గర్నుంచి కళ్లతోనే ఆమెని నమిలి మింగేస్తున్నాడు. ప్యాడ్ మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా కొట్టుకుంటూనే ఉంది. మూడోసారి బిట్ మొదలవుతుండగా ఆమె వెనక్కి తిరిగి, డ్రమ్ములాయన వైపు చెయ్యెత్తి చూపించింది. ఆపమని.

ఆయన మాస్టారిని చూశాడు. ఆమెని చూశాడు. కరెంటు పోయిన రోజు ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ప్యాడ్ కట్టేశాడు.

ఇక వెనక్కి పోవడానికి లేదు. వ్యాను పోయింది, తిండి పోయింది, పదిమంది ఉసురు తగలబోతోంది అనుకుంటూనే ఆమె కిందిశృతిలో ఎత్తుకుంది.

నీళ్లు మరిగేలోగా వస్తావు కదూ.

పల్లవి రెండోసారి పాడుతుండగా అమ్మగారు కర్ర నేలకి ఆనించింది. మేనల్లుడు గభాలున చెయ్యందించాడు. ఆవిడ లేచింది. మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టింది. స్టేజీ వంక చూడకుండా, పక్క తలుపు వైపు నెమ్మదిగా నడిచింది. జనం తలలన్నీ అటే తిరిగాయి. ఎదురుగా దండ ఉంది, మనిషి లేదు.

ఆపేసి పారిపోవాలనిపించింది. కానీ ఎవరో లేచి వెళ్లిపోయాక పాడటం ఆ పాటకి కొత్త కాదు. ఆమె దాన్ని నేర్చుకున్నదే అలా. ఖాళీ కుర్చీనే చూస్తూ రెండో చరణం పాడింది. నీళ్లు మరుగుతున్నాయి. సగానికి తగ్గాయి. అమ్మాయి మళ్లీ నీళ్లు పోసింది. వస్తావు కదూ. వస్తావు కదూ. చివరి మాట ఇంట్లో పెట్టె పలికినట్టే ఈడ్చుకుంటూ దిగి, ఆగిపోయింది.

చప్పట్లు వచ్చాయో లేదో ఆమెకి తెలియదు. మైకు వదిలేసి తెర వెనక్కి వచ్చేసింది. అక్కడ, స్పీకర్ల ఖాళీ పెట్టెల మధ్య, ఇనప కుర్చీలో అమ్మగారు కూర్చుని ఉంది.

జిరాక్సు కొయ్యబారిపోయింది. ఆమె వెనకే మాస్టారు పరుగున వచ్చి, అమ్మగారిని చూసి నిలువునా వంగిపోయాడు.

"క్షమించాలి అమ్మగారూ! మీరు లేచి వెళ్లిపోయారు, నా తల కొట్టేసినట్టయింది. రికార్డులో ఉన్నట్టే పాడమని ఒకటికి పదిసార్లు చెప్పానండీ, ఒట్టు."

"లేచి వెళ్లిపోవడమేంటి? నాకో చెవి పనిచేయదు నాయనా. ముందు కూర్చుంటే నీ స్పీకర్ల హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఆ దండ ఒకటి మెడకి గుచ్చుకుంటోంది. గొంతు దగ్గరగా వినాలని ఇటొచ్చాను," అంది ఆవిడ. "అయినా రికార్డు మా ఇంట్లో ఉంది. దానికోసం ఇంత దూరం రావాలా నేను?"

మాస్టారు నోరు తెరిచాడు. మూశాడు. ఆయన నోరు మూయించిన మనిషిని చూడటం జిరాక్సుకి అదే మొదటిసారి.

అమ్మగారు కర్రతో ఎదురుగా ఉన్న పెట్టెని తట్టింది. కూర్చోమని. జిరాక్సు కూర్చుంది. ఆవిడ పనిచేసే చెవి ఇటు తిప్పి, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆ పాట పాడినప్పుడు నాకు పెళ్లి కుదిరి ఉంది. వాడు వస్తున్నాడనే పాడాను," అంది ఆవిడ. "తర్వాత ఎన్ని ఊళ్లలో పాడినా అలాగే పాడాను. రాకపోవడమనేది ఒకటుంటుందని ఒక్కరోజు కూడా తట్టలేదు. ఆ ఫోనులో నీది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. అడుగుదామనే వచ్చాను." ముందుకి వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ ఇంట్లో రానిది ఎవరమ్మా?"

తెర అవతల తర్వాతి పాటకి వాయిద్యాలు సరిచేసుకుంటున్నారు. బడికి వెళ్లే పిల్లగా జిరాక్సు మింగేసిన మాట అది. మళ్లీ ఎన్నడూ బయటికి అనలేదు.

"మా అక్కండీ," అంది.